హెచ్‌సీఎమ్ ఎంత ప్రమాదకరం? లెక్కలో ఎవరున్నారో చూడండి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె స్కాన్ (ఎకో) రిపోర్టులో ‘హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి’ (హెచ్‌సీఎమ్) అని చూసిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఫోన్ తీసి వెతికితే ఒకచోట ఏడాదికి నూటికి ఆరుగురు దాకా చనిపోతారని ఉంటుంది. ఇంకోచోట ఒక్కరేనని, మరోచోట చాలామందికి మామూలు ఆయుష్షేనని ఉంటుంది. ఇవన్నీ పేరున్న వైద్య పత్రికల్లో వచ్చిన అంకెలే. ఏది నమ్మాలో తెలియక టెన్షన్ పడే రోగుల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఈ జవాబులు. ఇవి మీ డాక్టర్ సలహాకు బదులు కావు. ఆ సలహాను ఇంకాస్త బాగా అర్థం చేసుకోవడానికి పనికొస్తే చాలు.

అసలు హెచ్‌సీఎమ్ అంటే ఏమిటి?

బీపీ వల్లనో, వాల్వు జబ్బు వల్లనో కాకుండా గుండె కండరం దానంతటదే మందంగా పెరగడం. ఎక్కువగా ఎడమ జఠరికలో, అందులోనూ రెండు జఠరికల మధ్య గోడ దగ్గర ఈ మందం కనిపిస్తుంది. పెద్దవాళ్లలో 15 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, వేరే కారణం కనబడకపోతే హెచ్‌సీఎమ్ అంటారు. ఇంట్లో ఒకరికి ఇప్పటికే ఉంటే దగ్గరి బంధువుల్లో 13 మిల్లీమీటర్లకే ఆ మాట వస్తుంది. చాలా కుటుంబాల్లో ఇది కండరపు ప్రొటీన్లను తయారుచేసే జన్యువుల్లోని మార్పు వల్ల వస్తుంది. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం ఉంటుంది.

ఒకే జబ్బుకు ఇన్ని రకాల అంకెలు ఎందుకు?

ఎవరిని లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది కాబట్టి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను అనుకున్నవి, ఏ అధ్యయనంలోవీ కావు. ఒక ప్రాంతంలో ఈ జబ్బున్నవాళ్లు 1,000 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో 150 మందిది తీవ్రమైన రకం, ఏడాదికి 5 శాతం మంది చనిపోతారు. అంటే ఏడెనిమిది మంది. మిగతా 850 మందిది నెమ్మదైన రకం, ఏడాదికి అర శాతం. అంటే నలుగురు. మొత్తం మీద 1,000 మందిలో ఏడాదికి 12 మంది దాకా పోతారు. అది 1.2 శాతం.

ఇప్పుడు ఆ ప్రాంతంలోని పెద్దాసుపత్రికి ఎవరు వెళ్తారో చూడండి. స్పృహ తప్పి పడిపోయినవాళ్లు, రెండు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు, చిన్న ఆసుపత్రిలో తగ్గక రిఫర్ అయినవాళ్లు వెళ్తారు. తీవ్రమైన 150 మందిలో 120 మంది అక్కడికి చేరారనుకుందాం. నెమ్మదైన 850 మందిలో చేరేది ఓ 60 మంది. చాలామందికి తమకు జబ్బుందన్న సంగతే తెలియదు, ఇక వెళ్లడమెందుకు? ఆ ఆసుపత్రి రికార్డుల్లో ఉన్న 180 మందిలో ఏడాదికి ఆరుగురు చనిపోతారు. శాతం చూస్తే 3.5.

జబ్బు మారలేదు. చికిత్స మారలేదు. డాక్టర్లు లెక్కలో ఒక్క తప్పు కూడా చేయలేదు. అయినా 1.2 కాస్తా 3.5 అయింది. ఆ ఆసుపత్రి వాళ్లు తమ 180 మంది గురించి నిజాయతీగా రాసిన పేపర్‌ను మనం ‘ఈ జబ్బున్న అందరి గురించి’ అని చదివితే చిక్కు అక్కడ మొదలవుతుంది.

మరి మొదట్లో ఈ జబ్బుకు అంత భయంకరమైన పేరు ఎలా వచ్చింది?

ఆధునిక వైద్యంలో ఈ జబ్బు కథ 1958లో లండన్‌లో మొదలైందని చెబుతారు. డొనాల్డ్ టేర్ అనే ఫోరెన్సిక్ పాథాలజిస్టు, గుండె గోడ ఒకవైపు అసాధారణంగా మందంగా ఉన్న 8 మంది గురించి రాశాడు. అందరూ చిన్న వయసువాళ్లే, 14 నుంచి 44 ఏళ్ల లోపు. ఎక్కువ మంది ఉన్నట్టుండి చనిపోయినవాళ్లు. ఆయన పని పోస్ట్‌మార్టం. ఆయన బల్ల మీదికి వచ్చేవాళ్లలో, మందమైన గుండెతో 80 ఏళ్లు బతికి ఇంట్లోనే కన్నుమూసిన మనిషి ఉండడు. ఒక జబ్బు తొలి పరిచయమే మార్చురీలో జరిగితే దానికి వచ్చే పేరు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత 1960ల నుంచి ఈ జబ్బు గురించి లోకానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం కొద్ది కేంద్రాల నుంచే వచ్చింది. అమెరికాలో బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, లండన్‌లోని పెద్ద ఆసుపత్రులు వాటిలో ముఖ్యమైనవి. యూజీన్ బ్రాన్‌వాల్డ్ వంటి గుండె వైద్య దిగ్గజాలు పనిచేసిన చోట్లు అవి. ఎక్కడెక్కడి నుంచో కష్టమైన కేసులన్నీ అక్కడికే వచ్చేవి. ఆపరేషన్ అవసరమైనవాళ్లు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు హఠాత్తుగా పోయిన కుటుంబాలవాళ్లు, చిన్నపిల్లలు. ఏడాదికి 3 నుంచి 6 శాతం మరణాలు అన్న అంకె అలాంటి రోగుల నుంచి పుట్టింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కొన్ని తరాల వైద్య విద్యార్థులు అదే చదువుకున్నారు.

పరీక్షల పాత్ర కూడా ఉంది. ఎకో వాడుకలోకి రాకముందు ఈ జబ్బు పట్టుబడాలంటే స్టెతస్కోపులో గట్టిగా మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినబడాలి, లేదా కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి గుండె లోపల ఒత్తిడి కొలవాలి. అంటే రక్తం బయటికి వెళ్లే దారికి అడ్డంకి ఉన్నవాళ్లే ఎక్కువగా దొరికేవాళ్లు. అడ్డంకి లేకుండా, ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లు ఆ రోజుల్లో లెక్కలోకి వచ్చే దారే లేదు.

ఈ సంగతి ఎప్పుడు బయటపడింది?

1989లో ఇటలీకి చెందిన పావోలో స్పిరిటో బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. పెద్ద కేంద్రాలకు రిఫర్ అయినవాళ్లను వదిలేసి, మామూలు అవుట్‌పేషెంట్ విభాగంలో కనిపించిన 25 మందిని సగటున నాలుగేళ్లకు పైగా గమనించారు. ఒక్కరూ చనిపోలేదు. 25 మందే కాబట్టి దాన్నిబట్టి పెద్ద మాటలు చెప్పలేం. కానీ ఒక ప్రశ్న గట్టిగా లేచింది.

1993లో అమెరికా డాక్టర్ బ్యారీ మారన్‌తో కలిసి స్పిరిటో ఆ ప్రశ్నను సూటిగా రాశాడు: రోగుల ఎంపికలోని పక్షపాతం వల్ల ఈ జబ్బు గురించి మనకున్న అభిప్రాయమే వంకరపోయిందని. ఆ మాట అన్నవాళ్లలో ఒకరైన మారన్ అప్పటిదాకా పనిచేసింది అదే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో. తమ సొంత కేంద్రం నుంచి వచ్చిన అంకెలను అలా ప్రశ్నించుకోవడం నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

1995లో రెండు ముఖ్యమైన ఫలితాలు వచ్చాయి. ఇటలీలోని టస్కనీలో ఆ ప్రాంతపు రోగులు 202 మందిని ఏళ్ల తరబడి చూస్తే, గుండె కారణంగా మరణించినవాళ్లు ఏడాదికి 0.6 శాతమే. అమెరికాలో 23 నుంచి 35 ఏళ్ల యువతీయువకులు 4,111 మందికి జబ్బుతో సంబంధం లేకుండా ఎకో చేస్తే ఏడుగురిలో హెచ్‌సీఎమ్ కనిపించింది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందన్న అంచనా అక్కడి నుంచే వచ్చింది. ఆ ఏడుగురిలో అంతకుముందు గుండె జబ్బు అనుమానం ఉన్నది ఒక్కరికే. మిగతా ఆరుగురూ ఆ అధ్యయనం లేకపోతే ఏ ఆసుపత్రి లెక్కలోనూ ఉండేవాళ్లు కాదు.

1999లో మారన్ మిన్నియాపొలిస్ ప్రాంతంలోని 277 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. జబ్బు వల్ల మరణాలు ఏడాదికి 1.3 శాతం. వాళ్లలో నాలుగో వంతు మంది దాకా 75 ఏళ్లు చేరుకున్నవాళ్లే.

అంటే పెద్దాసుపత్రుల డాక్టర్లు అబద్ధం చెప్పారా?

లేదు. వాళ్లు చూసిందే చెప్పారు. బైకు ప్రయాణం ఎంత ప్రమాదమో ఆర్థోపెడిక్ వార్డులో కూర్చుని అంచనా వేస్తే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే జరిగింది. వార్డులో కనిపించే ప్రతి ఫ్రాక్చరూ నిజమే. క్షేమంగా ఇంటికి చేరినవాళ్లే అక్కడ కనబడరు.

1984లో ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే పరిశోధకులు దీనికి ‘వైద్యుడి భ్రమ’ అని పేరు పెట్టారు. జబ్బు ఎక్కువ కాలం, ఎక్కువ తీవ్రంగా ఉన్నవాళ్లే మళ్లీ మళ్లీ ఓపీకి వస్తారు. కాబట్టి డాక్టర్ మనసులో ఆ జబ్బు బొమ్మ వాళ్లతోనే నిండిపోతుంది. వాళ్లు రాసింది మానసిక వైద్యం గురించే అయినా గుండె జబ్బులకూ ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కేంద్రాలు కష్టమైన కేసులు చూడకపోయి ఉంటే మధ్య గోడను కొంత కోసి తీసే మయెక్టమీ ఆపరేషన్ గానీ, ఎవరికి హఠాన్మరణం ముప్పు ఎక్కువో గుర్తుపట్టే పద్ధతులు గానీ వచ్చేవి కావు. ఎక్కువ జబ్బున్నవాళ్ల గురించి తెలుసుకోవాలంటే వాళ్లు పోగయ్యే చోటికే వెళ్లాలి.

ఏడాదికి 1 శాతం, 4 శాతం: అంత తేడా ఏముంది?

ఏడాదికి చూస్తే చిన్నదే. ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఏడాదికి 1 శాతం చొప్పున పదేళ్లకు 100 మందిలో 90 మంది మిగులుతారు. 4 శాతం అయితే 66 మంది. 6 శాతం అయితే 54 మంది. ముప్పై ఏళ్ల మనిషి పెళ్లి, ఇంటి లోన్, పిల్లల చదువు గురించి ఆలోచించేటప్పుడు ఈ మూడింటిలో ఏది నమ్ముతున్నాడన్నది జీవితాన్నే మార్చేస్తుంది. జబ్బు పేరు వినగానే ఉద్యోగం మానేసినవాళ్లు, ఆటలు, ప్రయాణాలు అన్నీ వదిలేసినవాళ్లు ఉంటారు. తమది కాని గుంపు అంకెను తమ మీద వేసుకుని బతకడం చాలా పెద్ద భారం.

అయితే భయపడాల్సిన పనే లేదా?

అలా అనడం కూడా తప్పే. ఎంపిక లోపం రెండు వైపులా జరుగుతుంది. తక్కువ అంకె దొరికింది కదా అని దాన్నే పట్టుకుంటే మళ్లీ అదే పొరపాటు.

మొదటిది, ఏ ఆసుపత్రి లెక్కలోనైనా ఆసుపత్రి దాకా చేరినవాళ్లే ఉంటారు. తొలి లక్షణమే హఠాన్మరణమైన కుర్రాడు ఏ క్లినిక్ రిజిస్టరులోనూ ఉండడు. మన దగ్గరైతే ‘గుండెపోటు’ అనుకుని వదిలేస్తారు. 60 ఏళ్ల వయసులో జబ్బు బయటపడ్డ మనిషి అప్పటికే 60 ఏళ్లు దాటి వచ్చినవాడు. అలాంటివాళ్లు ఎక్కువగా ఉన్న గుంపులో మరణాలు తక్కువ కనిపించడం సహజం. వాళ్ల అంకె చూపించి 17 ఏళ్ల పిల్లకు ధైర్యం చెప్పలేం.

రెండోది, జనం మధ్య జరిపే అధ్యయనాలకూ తమ ఎంపిక ఉంటుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకు అనే పెద్ద ఆరోగ్య అధ్యయనంలో ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యు మార్పులున్నా చాలామందిలో గుండె గోడ మందం లేదని తేలింది. ఊరట కలిగించే మాటే. కానీ ఆ బయోబ్యాంకుకు ఆహ్వానం అందినవాళ్లలో చేరింది 5.5 శాతం మాత్రమే. చేరినవాళ్లు 40 నుంచి 69 ఏళ్లవాళ్లు, సగటు జనం కన్నా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. ఆ జన్యువుతో 30 ఏళ్లకే పోయినవాళ్లు, బాగా జబ్బుపడి ఇంటికే పరిమితమైనవాళ్లు అందులో ఎలా ఉంటారు?

మూడోది, చిన్న వయసులో బయటపడ్డవాళ్ల సంగతి వేరు. 2018లో ‘షేర్’ అనే అంతర్జాతీయ రిజిస్ట్రీ 4,591 మంది వివరాలు ప్రచురించింది. 40 ఏళ్లలోపే జబ్బు బయటపడ్డవాళ్లలో 60 ఏళ్లు వచ్చేసరికి 77 శాతం మందికి ఏదో ఒక ముఖ్యమైన సమస్య, అంటే గుండె వైఫల్యమో, ఏట్రియల్ ఫిబ్రిలేషనో (గుండె పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకోవడం), ప్రమాదకరమైన లయ తప్పడమో, మరణమో ఎదురవుతుందని తేలింది. జన్యు మార్పు ఖాయంగా ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకాస్త కష్టం. ఈ రిజిస్ట్రీ కూడా పెద్ద ప్రత్యేక కేంద్రాల నుంచి వచ్చిందేనని గుర్తుంచుకోవాలి. అయినా నా ఉద్దేశంలో దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఆ వయసులో బయటపడ్డవాళ్లు చివరికి వెళ్లేది ఎక్కువగా అలాంటి కేంద్రాలకే. కాబట్టి వాళ్ల వరకు ఆ గుంపు దగ్గరి గుంపే.

ఆట మైదానంలో కుప్పకూలిన క్రీడాకారుల వార్తలు చూస్తే భయమేస్తోంది. అది ఈ జబ్బే కదా?

కొన్నిసార్లు అవును. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కొలంబియాతో మ్యాచ్ ఆడుతూ కామెరూన్ ఫుట్‌బాలర్ మార్క్-వివియన్ ఫోయె మైదానంలోనే కుప్పకూలి చనిపోయాడు. పోస్ట్‌మార్టంలో ఆయనకు హెచ్‌సీఎమ్ ఉందని చెప్పారు. టీవీలో చూసినవాళ్లకు అది మనసులోంచి పోదు. అదే జబ్బుతో అదే రోజు మామూలుగా ఆఫీసుకెళ్లి వచ్చినవాళ్ల గురించి ఏ చానెలూ చెప్పదు.

ఇక్కడ శాస్త్రీయ లెక్కల్లోనూ ఎంపిక తేడాలు బాగా కనిపిస్తాయి. అమెరికాలో మిన్నియాపొలిస్ నుంచి నడిచిన రిజిస్ట్రీలో, నిర్ధారణ అయిన యువ క్రీడాకారుల గుండె మరణాల్లో సుమారు 36 శాతానికి కారణం హెచ్‌సీఎమ్. ఆ రిజిస్ట్రీ సమాచారంలో వార్తాపత్రికల నుంచి సేకరించింది చాలా ఉంది. బ్రిటన్‌లో 357 మంది క్రీడాకారుల గుండెలను నిపుణులు పరీక్షిస్తే హెచ్‌సీఎమ్ 6 శాతమే తేలింది. 42 శాతం మందిలో గుండె నిర్మాణం మామూలుగానే ఉంది. అయితే బ్రిటన్‌లో నిపుణుల దగ్గరికి వెళ్లేవి ఎక్కువగా స్థానికంగా కారణం తేలని గుండెలు. స్పష్టంగా మందంగా ఉన్న గుండెను స్థానిక డాక్టరే గుర్తుపట్టి ఉండొచ్చు. 36కీ 6కీ మధ్య ఇంత దూరం ఉండటానికి ఇదీ ఒక కారణమేనని నా నమ్మకం.

నా రిపోర్టులో ‘ఏపికల్’ రకం అని ఉంది. అది మంచిదంటారు, నిజమేనా?

గుండె కొస దగ్గర మాత్రమే మందం ఉండే రకం ఇది. 1970లలో జపాన్ డాక్టర్లు దీన్ని వర్ణించారు. ఈసీజీలో టీ వేవ్‌లు లోతుగా తలకిందులై కనిపిస్తాయి కాబట్టి ఏ బాధా లేనివాళ్లలో కూడా మామూలు హెల్త్ చెకప్‌లో దొరికిపోతుంది. నెమ్మదైనదన్న పేరు వచ్చిందీ అందుకే. కెనడాలోని టొరంటోలో 105 మందిని చూస్తే గుండె మరణాలు ఏడాదికి 0.1 శాతమే. ఆ తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్ తమ 193 మంది రోగులను చూస్తే, అదే వయసు మామూలు జనం కన్నా వాళ్ల ఆయుష్షు తక్కువగా తేలింది. మొత్తం మీద మిగతా రకాల కన్నా ఇది నెమ్మదైనదే అనుకోవచ్చు. ఫాలో-అప్ మానేయడానికి మాత్రం అది కారణం కాదు.

మరణాలు తగ్గాయంటే అది చికిత్స గొప్పదనమా, లెక్క మారడమా?

రెండూ. వీటిని కలిపేయడం వల్ల చాలా గందరగోళం జరుగుతోంది. 1989, 1995 నాటి తక్కువ అంకెలు ఐసీడీలు (గుండె లయను సరిచేయడానికి ఒంట్లో అమర్చే పరికరాలు) ఈ జబ్బులో విరివిగా వాడకముందువి. కాబట్టి అక్కడ కనిపించిన తేడాలో ఎక్కువ భాగం ఎంపికదే. 2000లో ఐసీడీ పెట్టిన 128 మంది మీద వచ్చిన అధ్యయనం తర్వాత, ముప్పు ఎక్కువున్నవాళ్లకు దాన్ని పెట్టడం పెరిగింది. ప్రమాదకరమైన లయ మొదలైతే అది షాక్ ఇచ్చి మనిషిని కాపాడుతుంది. 2015లో 30 నుంచి 59 ఏళ్ల వయసున్న 1,000 మందిలో మరణాలు ఏడాదికి 0.53 శాతం అని వచ్చింది. అందులో ఐసీడీ వల్ల, ఆపరేషన్ల వల్ల, గుండె మార్పిడి వల్ల బతికి బయటపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. అంటే ఆ 0.53 మంచి చికిత్స అందుబాటులో ఉన్న చోటి అంకె. చికిత్స అందని ఊరికి దాన్ని యథాతథంగా తేలేం.

మన తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

మన దగ్గర ఎంపిక ఇంకా గట్టిగా పనిచేస్తుందని నా అభిప్రాయం. పల్లెలో ఒకరికి ఆయాసం వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత టౌన్‌లోని నర్సింగ్‌హోమ్‌కి, అక్కడా తగ్గకపోతే హైదరాబాద్‌కో విజయవాడకో తిరుపతికో వెళ్తారు. ఎకో దాకా చేరేది చివరి మజిలీలోనే. అన్నదమ్ములను, పిల్లలను కూడా పరీక్ష చేయించుకోమని డాక్టర్ చెప్పినా, బాగున్నవాళ్లకు డబ్బు పెట్టి ఎకో ఎందుకని వదిలేసే ఇళ్లే ఎక్కువ. మరోవైపు నగరాల్లో ఆఫీసు హెల్త్ ప్యాకేజీల్లో ఏ బాధా లేనివాళ్లలో కూడా మందం బయటపడుతోంది. వాళ్లలో బీపీ ఉన్నవాళ్లూ చాలామంది. 13, 14 మిల్లీమీటర్ల మందం బీపీ వల్ల వచ్చిందా, ఈ జబ్బా అని తేల్చడం అనుభవం ఉన్న డాక్టర్‌కే కష్టం. కాబట్టి ఒకే నగరంలో రెండు ఆసుపత్రుల్లో ఈ జబ్బు రెండు రకాలుగా కనిపించడంలో వింత లేదు.

‘భారతీయుల్లో 4 శాతం మందికి గుండె జబ్బు జన్యువు’ అని చదివాను. దాని సంగతేమిటి?

ఇది హైదరాబాద్‌తో ముడిపడ్డ కథ. 2009లో ఇక్కడి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్ పాల్గొన్న బృందం, మైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లేకపోవడమన్న మార్పు దక్షిణాసియావారిలో సుమారు 4 శాతం మందిలో ఉందని, గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో అది మరింత ఎక్కువగా ఉందని ప్రకటించింది. చాలా ముఖ్యమైన పరిశోధన. వార్తల్లోకి వచ్చేసరికి కోట్లాది మంది గుండెల్లో టైమ్‌బాంబు ఉన్నట్టు శీర్షికలు పెట్టారు.

తర్వాతి ఏళ్లలో ఆ 4 శాతం గుంపు లోపలికి చూశారు. దాన్ని మోస్తున్నవాళ్లలో కొద్దిమందికి అదే జన్యువులో ఇంకో మార్పు కూడా పక్కనే ఉంటుంది. 2020లో బ్రిటన్ శాస్త్రవేత్తలు పాల్గొన్న విశ్లేషణలో హెచ్‌సీఎమ్ ముప్పు ఎక్కువగా ఆ రెండో మార్పుతోనే వస్తోందని, 25 అక్షరాల లోపం ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ జబ్బు ముప్పు పెరిగినట్టు కనబడలేదని తేలింది. ఆసుపత్రిలో రోగుల నుంచి మొదలుపెట్టి చూస్తే గుంపంతా ప్రమాదంలో ఉన్నట్టు అనిపించింది. లోపల చూస్తే ప్రమాదం చిన్న భాగంలో ఉంది. మీ జన్యు పరీక్షలో ఈ మార్పు పేరు కనిపిస్తే, రెండో మార్పు కోసం కూడా చూశారా అని తప్పక అడగండి.

మా ఇంట్లో ఒకరికి ఉందని తేలింది. మిగతావాళ్లకు కూడా అంతే తీవ్రంగా ఉంటుందా?

ఇలాంటి ఇంటిని ఒకటి ఊహించుకోండి. 46 ఏళ్ల పెద్దన్నయ్య బస్టాండులో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మధ్య గోడ 24 మిల్లీమీటర్లు, ఐసీడీ పెట్టారు. జెనెటిక్ కౌన్సెలర్ తెల్ల కాగితం మీద వంశవృక్షం గీయడం ఆయన దగ్గరే మొదలుపెడతారు. మగవాళ్లకు గీసే చతురస్రాల్లో ఆయనదానికి బాణం గుర్తు వేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఎకో చేయిస్తే, 41 ఏళ్ల తమ్ముడికి 17 మిల్లీమీటర్లు, ఏ బాధా లేదు. చెల్లెలికి మామూలు. 70 దాటిన అమ్మకు 16 మిల్లీమీటర్లు, ఇప్పటికీ ఇంటి పని తనే చేసుకుంటుంది. పెద్దన్నయ్య కూతురికి జన్యు మార్పు ఉంది, ఎకో మామూలుగా ఉంది.

ఆసుపత్రి పుస్తకంలో ఈ ఇంటి నుంచి మొదట చేరింది పెద్దన్నయ్య ఒక్కడే. ఇంట్లో అందరికన్నా జబ్బు ఎక్కువున్నవాడు. ఆయన ద్వారా దొరికినవాళ్లు సగటున ఆయన కన్నా మెరుగ్గానే ఉంటారు. అందుకే మొదట పట్టుబడ్డ రోగిని చూసి ఇంటిల్లిపాదికీ అదే గతి అనుకోకూడదు. అలాగని అమ్మను చూసి ‘మా వంశంలో ఏం కాదులే’ అనుకోవడమూ కుదరదు. జన్యు మార్పు ఉండి గుండె ఇంకా మామూలుగా ఉన్న 285 మందిని గమనించిన 2020 అధ్యయనంలో, 15 ఏళ్లలో దాదాపు సగం మందికి జబ్బు మొదలవుతుందని అంచనా వేశారు. ఆ అమ్మాయికి ఇప్పుడు కావాల్సింది క్రమం తప్పని పరీక్షలు.

ఒక పరిశోధన గానీ వార్త గానీ చదివేటప్పుడు ఏం చూడాలి?

ముందు రోగులు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. రిఫరల్ కేంద్రమా, ఒక ప్రాంతమంతానా, హెల్త్ చెకప్‌లా, కుటుంబ పరీక్షలా, పోస్ట్‌మార్టమా? ఆ తర్వాత వాళ్ల వయసు, జబ్బు ఎప్పుడు బయటపడిందన్నది, ఎన్నేళ్లు గమనించారన్నది. మధ్యలో ఫాలో-అప్‌కు రాకుండా పోయినవాళ్లు ఎంతమందో కూడా చూడాలి. ఎవరిని పక్కన పెట్టారో చాలామంది చూడరు, కానీ ఒక్కోసారి అసలు సంగతి అక్కడే ఉంటుంది.

డాక్టర్ రిస్క్ కాలిక్యులేటర్‌లో నా వివరాలు వేసి 3 శాతం అన్నారు. దాన్ని నమ్మొచ్చా?

పేపర్ మీది సగటు అంకె కన్నా చాలా నయం. 2014లో ఐరోపాలో వచ్చిన కాలిక్యులేటర్ మీ వయసు, గోడ మందం, ఎడమ కర్ణిక సైజు, లోపలి ఒత్తిడి తేడా, ఇంట్లో హఠాన్మరణాలు, హోల్టర్‌లో (రోజంతా ఈసీజీ తీసే పరికరంలో) దొరికిన లయ తేడాలు, కారణం తెలియకుండా స్పృహ తప్పడం, ఇవన్నీ చూసి అయిదేళ్లలో హఠాన్మరణం ముప్పు ఎంతో చెబుతుంది. 4 శాతం లోపు తక్కువ, 6 శాతం ఆపైన ఎక్కువ అని, మధ్యలో ఉంటే ఆలోచించాలని అప్పట్లో సూచించారు. ఇది 3,675 మంది రోగుల నుంచి తయారైంది. వాళ్లు ఐరోపాలోని ఆరు కేంద్రాల రోగులు. 16 ఏళ్లలోపు పిల్లలకు, పోటీల్లో ఆడే క్రీడాకారులకు అది వర్తించదు. ఎంఆర్‌ఐలో కనిపించే మచ్చలను కూడా అది లెక్కలోకి తీసుకోదు. అందుకే ఆ అంకెతోపాటు డాక్టర్ ఇంకేం చూస్తున్నారో అడగాలి.

డాక్టర్ని ఏం అడగాలి? ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

‘ఎన్నాళ్లు బతుకుతాను సార్?’ అని అడిగితే ఏ డాక్టర్ అయినా ఇబ్బంది పడతారు, సగటు అంకె ఒకటి చెప్పి ఊరుకుంటారు. దానికి బదులు ఇలా అడగండి: ‘నాలాంటి వయసు, నాలాంటి మందం, నాలాంటి లక్షణాలున్నవాళ్లలో ఏం జరుగుతుంది మేడమ్? అడ్డంకి ఉందా? నడిపించి చూశారా?’ విశ్రాంతిలో అడ్డంకి కనబడని చాలామందిలో అది వ్యాయామంలోనే బయటపడుతుంది కాబట్టి చివరి ప్రశ్న ముఖ్యం.

పరిగెత్తేటప్పుడో, పరిగెత్తి ఆగిన వెంటనేనో కళ్లు బైర్లు కమ్మినా, స్పృహ తప్పినా, కారణం లేకుండా గుండె దడ ఆగకుండా కొట్టుకున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంట్లో 40 ఏళ్లలోపు ఎవరైనా నిద్రలోనో ఆటలోనో హఠాత్తుగా పోయి ఉంటే, ఎన్నేళ్ల క్రితం జరిగినా, ‘గుండెపోటే కదా’ అని వదిలేయకుండా వాళ్ల పేరు, వయసు, అప్పుడేం జరిగిందో రాసి తీసుకెళ్లి డాక్టర్‌కు ఇవ్వండి. ఏ ఆసుపత్రి లెక్కలోనూ లేని ఆ మనిషి వివరం మీ పిల్లల చికిత్సను మార్చగలదు.